వరిమడి నుండి ఓజోన్ పొర వరకు: దక్షిణ తెలంగాణ సేద్యంలో మీథేన్, నైట్రస్ ఆక్సైడ్

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైన తరువాత నల్లగొండ ప్రాంతంలోని మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పరిసరాలు వరి మాగాణులుగా మారాయి. మహబూబ్‌నగర్ వైపు జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల పథకాల కింద, బోరుబావుల కింద కూడా వరి విస్తరించింది. ఏటా సుమారు 600 నుండి 850 మి.మీ. వర్షం మాత్రమే కురిసే ఈ మండలంలో ఒకప్పుడు జొన్న, ఆముదం, కంది పండిన చల్కా నేలల్లో నేడు యాసంగిలోనూ నీరు నిలుస్తున్నది. ఈ మార్పు వలన ఆహార భద్రత పెరిగింది. దానితోపాటు నేలలో జరిగే రసాయన చర్యల తీరు కూడా మారింది.

నీరు నిలిచిన మడి నుండి మీథేన్ వెలువడుతుంది. మడిని ఆరబెడితే మీథేన్ తగ్గుతుంది. అయితే వేసిన నత్రజనిలో కొంత భాగం నైట్రస్ ఆక్సైడ్‌గా మారడానికి అప్పుడే వీలు కలుగుతుంది. మొదటిది భూతాపాన్ని పెంచే వాయువు. రెండవది భూతాపాన్ని పెంచడమే గాక ఓజోన్ పొరను కూడా క్షీణింపజేస్తుంది. అందువలన నీటి యాజమాన్యాన్ని, నత్రజని యాజమాన్యాన్ని విడివిడిగా చూడరాదు.

నిలువ నీటిలో మీథేన్ పుట్టుక

దమ్ము చేసి నీరు నిలిపిన ఒకటి రెండు రోజులలోనే నేలలోని ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు వాడుకుంటాయి. ఆ తరువాత అవి వరుసగా నైట్రేట్, మాంగనీస్, ఫెర్రిక్ ఇనుము, సల్ఫేట్‌లను క్షయకరణం చేస్తాయి. ఇవి తరిగిన తరువాతనే మీథేన్‌ను తయారుచేసే సూక్ష్మజీవులు చురుకవుతాయి. కుళ్ళుతున్న సేంద్రియ పదార్థం నుండి ఏర్పడే అసిటేట్, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వీటికి ముడిసరుకు. పుట్టిన మీథేన్‌లో అధిక భాగం వరి వేర్లలోకి చేరి, కాండంలోని వాయు కణజాలం గుండా గాలిలో కలుస్తుంది.

ఎర్ర చల్కా నేలల రంగుకు కారణం ఇనుప ఆక్సైడ్‌లే. నీరు పెట్టిన కొత్తలో ఈ ఇనుము మీథేన్ పుట్టుకను కొంత ఆలస్యం చేస్తుంది. మడిని ఒకసారి ఆరబెడితే క్షయకరణం చెందిన ఇనుము తిరిగి ఆక్సీకరణం చెందుతుంది. మళ్ళీ నీరు పెట్టినప్పుడు చర్యల వరుస మొదటి నుండి మొదలుకావలసి వస్తుంది. ఆరుతడితో మీథేన్ తగ్గడానికి ఇది ఒక ముఖ్య కారణం.

భారతదేశపు వరి పొలాల నుండి ఏటా 3 కోట్ల 70 లక్షల టన్నులకు పైగా మీథేన్ వెలువడుతున్నదని ఒకప్పుడు విదేశీ సంస్థలు అంచనా వేశాయి. 1991లో జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన ఎ.పి. మిత్ర నాయకత్వంలో మన పొలాలలోనే జరిపిన కొలతలలో అది సుమారు 40 లక్షల టన్నులని తేలింది. నేల, నీరు, సేంద్రియ పదార్థం మారితే ఉద్గారం ఎంతగా మారుతుందో దీనిని బట్టి గ్రహించవచ్చు.

నత్రజని దారి తప్పినప్పుడు

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. అది నేలలో అమ్మోనియంగా మారుతుంది. గాలి తగిలే నేలలో అమ్మోనియం నైట్రేట్‌గా మారడం నత్రీకరణం. ఆ నైట్రేట్‌పై తిరిగి నీరు నిలిచినప్పుడు జరిగేది వినత్రీకరణం. ఈ రెండు చర్యలలోనూ నైట్రస్ ఆక్సైడ్ ఏర్పడుతుంది.

ఎల్లప్పుడూ నీరు నిలిచిన మడిలో నైట్రేట్ ఏర్పడేదే తక్కువ. ఏర్పడిన కొద్దిపాటి కూడా చాలావరకు హానిలేని నత్రజని వాయువు దాకా క్షయకరణం చెందుతుంది. తడి, పొడి మారుతున్నప్పుడు ఈ చర్య మధ్యలోనే ఆగి నైట్రస్ ఆక్సైడ్ బయటపడుతుంది. ఇక మహబూబ్‌నగర్ మెట్ట పొలాలలోని పత్తి, మొక్కజొన్న విషయానికి వస్తే అక్కడ మీథేన్ సమస్య లేదు. కాని నేలపైన చల్లిన యూరియా తరువాత పడే వాన నైట్రస్ ఆక్సైడ్‌కు అనుకూలం.

ఆకాశంలో రెండు విధాల ఓజోన్

నైట్రస్ ఆక్సైడ్ వాతావరణంలో వంద సంవత్సరాలకు పైగా నిలిచి, నెమ్మదిగా స్ట్రాటోఆవరణాన్ని చేరుతుంది. అక్కడ అధిక భాగం సూర్యకాంతికి విచ్ఛిన్నమవుతుంది. కొద్ది భాగం మాత్రం ఉత్తేజిత ఆక్సిజన్ పరమాణువుతో కలిసి నైట్రిక్ ఆక్సైడ్‌నిస్తుంది. తరువాతి చర్యలు ఇవి:

నైట్రిక్ ఆక్సైడ్ + ఓజోన్ → నైట్రోజన్ డయాక్సైడ్ + ఆక్సిజన్

నైట్రోజన్ డయాక్సైడ్ + ఆక్సిజన్ పరమాణువు → నైట్రిక్ ఆక్సైడ్ + ఆక్సిజన్

చివరకు నైట్రిక్ ఆక్సైడ్ తరగకుండా మిగులుతుంది, ఓజోన్ తరుగుతుంది. ఉత్ప్రేరకంలా సాగే ఈ చర్యను 1970లో పాల్ క్రుట్జెన్ వెల్లడించారు. ఆయనకు మొలీనా, రోలాండ్‌లతో కలిపి 1995లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం క్లోరోఫ్లోరోకార్బన్‌లను అదుపు చేసింది గాని, నైట్రస్ ఆక్సైడ్ దాని పరిధిలోకి రాలేదు. నేటి ఉద్గారాలలో ఓజోన్ పొరకు అధిక నష్టం కలిగించేది నైట్రస్ ఆక్సైడేనని ఎ.ఆర్. రవిశంకర, ఆయన సహచరులు 2009లో నిరూపించారు.

నేలకు దగ్గరగా ఉండే ఓజోన్ సంగతి వేరు. ఇది కాలుష్య కారకం. మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ వంటివి వాహనాలు, బొగ్గు, గడ్డి మంటల నుండి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్‌ల సమక్షంలో ఎండకు ఆక్సీకరణం చెందినప్పుడు ఓజోన్ ఏర్పడుతుంది. అది పత్రరంధ్రాల గుండా ప్రవేశించి కిరణజన్య సంయోగక్రియను కుంటుపరుస్తుంది. పాలమూరు రైతులు ఆధారపడిన వేరుశనగ, పత్తి ఈ ఓజోన్‌కు సున్నితమైన పంటలు. ఈ విధంగా ఒక వాయువు పైనున్న మేలైన ఓజోన్‌ను తగ్గిస్తుండగా, మరొకటి కిందనున్న చెడ్డ ఓజోన్‌ను పెంచుతుంది.

ఒక హెక్టారు లెక్క

వాతావరణ మార్పుపై అంతర్‌ప్రభుత్వ సంఘం 2019లో సవరించిన గుణకాల ప్రకారం దక్షిణాసియాలో నిరంతరం నీరు నిలిచిన వరి నుండి హెక్టారుకు రోజుకు 0.85 కిలోల మీథేన్ వెలువడుతుంది. పొలంలో 110 రోజులు ఉండే పంటకు ఇది 93.5 కిలోలు. పలుమార్లు ఆరబెడితే 0.55 వంతు, అంటే సుమారు 51 కిలోలే వెలువడతాయి. తగ్గిన 42 కిలోల మీథేన్, నూరేళ్ళ లెక్కలో 27 రెట్ల ప్రభావం చొప్పున, దాదాపు 1,135 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం.

హెక్టారుకు 120 కిలోల నత్రజని వేసినప్పుడు నిలువ నీటిలో 0.3 శాతం, ఆరుతడిలో 0.5 శాతం నత్రజని నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుంది. అనగా నైట్రస్ ఆక్సైడ్ 0.57 కిలోల నుండి 0.94 కిలోలకు పెరుగుతుంది. దీని ప్రభావం 273 రెట్లు. కాబట్టి ఈ పెరుగుదల సుమారు 100 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. భూతాపం లెక్కలో ఆరుతడి వలన హెక్టారుకు వెయ్యి కిలోలకు పైగా నికర లాభమే. ఓజోన్ పొర లెక్కలో మాత్రం నష్టం మిగులుతుంది. నత్రజనిని 90 కిలోలకు తగ్గించగలిగితే నైట్రస్ ఆక్సైడ్ 0.71 కిలోలకు దిగుతుంది. దిగుబడి తగ్గకుండా ఈ తగ్గింపు సాధించడమే అసలు సవాలు.

పొలంలో పాటించవలసిన పద్ధతులు

1. నాటిన 2–3 వారాల తరువాత, కలుపు అదుపులోకి వచ్చాక ఆరుతడి మొదలుపెట్టాలి. 30 సెం.మీ. పొడవుగల, పక్కలకు రంధ్రాలున్న గొట్టాన్ని సగం మేర నేలలో దించి, లోపలి మట్టి తీసివేయాలి. నీటిమట్టం నేల ఉపరితలానికి 15 సెం.మీ. కిందికి దిగినప్పుడు తిరిగి 5 సెం.మీ. నీరు పెట్టాలి.

2. పూతకు ఒక వారం ముందు నుండి ఒక వారం తరువాత వరకు మడిని ఆరబెట్టరాదు.

3. యూరియాను ఒకేసారి గాక దమ్ములో, పిలక దశలో, అంకుర దశలో విభజించి వేయాలి. పైపాటుగా వేసేటప్పుడు తిరిగి నీరు పెట్టబోయే సమయాన్ని ఎంచుకోవాలి. ఆ తరువాత వారం రోజుల వరకు మడిని ఆరనీయరాదు. పైరు నత్రజనిని తీసుకున్న తరువాత ఆరబెడితే నైట్రేట్‌గా మారేందుకు మిగిలేది స్వల్పం.

4. ఆకు రంగు పట్టికను చూసి అవసరమైనప్పుడే నత్రజని వేయాలి. 2015 నుండి దేశంలో తయారయ్యే యూరియాకంతటికీ వేపపూత తప్పనిసరి అయింది. ఈ పూత నత్రీకరణాన్ని నెమ్మదింపజేస్తుంది గాని, మోతాదు మించితే దాని మేలు దక్కదు.

5. గడ్డిని కాల్చరాదు. నాటుకు నెలకు మించి ముందుగా గడ్డిని కలియదున్నితే, దమ్ము ముందర కలిపినదానికంటే మీథేన్ బాగా తగ్గుతుంది. యాసంగి కోతకు, వానాకాలం నాటుకు మధ్య ఇందుకు వ్యవధి ఉంటుంది. వానాకాలం కోత తరువాత వ్యవధి తక్కువ గనుక గడ్డిని పశుగ్రాసానికో, కంపోస్టుకో తరలించడం మేలు.

6. పత్తి, మొక్కజొన్నలలో యూరియాను మొక్క పక్కన గుంత తీసి వేసి మట్టి కప్పాలి. కంది, వేరుశనగ వంటి పప్పుజాతి పంటలతో మార్పిడి చేస్తే తరువాతి పంటకు నత్రజని అవసరం తగ్గుతుంది.

అమలులో చిక్కులు

బోరు కింది రైతు తన మడిని తానే ఆరబెట్టుకోగలడు. సొంత నీరు ఆదా కావడం అతనికి కంటికి కనిపించే లాభం. కాలువ చివరి భూముల రైతుకు ఆ వీలు లేదు. పై మడి నుండి కింది మడికి నీరు పారే చోట ఒకరు ఆరబెట్టాలనుకుంటే మరొకరికి నీరు అందదు. మళ్ళీ నీరు ఎప్పుడు వస్తుందో తెలియని రైతు మడిని నింపి ఉంచడంలో తప్పులేదు. వంతుల తేదీలు ముందుగా ప్రకటించి, పాటించినప్పుడే ఆయకట్టులో ఆరుతడి సాధ్యం. నల్లరేగడి నేలలు పగుళ్ళు తీస్తే తిరిగి తడపడానికి నీరు ఎక్కువ పడుతుంది. అందువలన చల్కాలకు, రేగడికి ఒకే సిఫారసు తగదు.

కనుక ఈ మండలంలో ఆరుతడిని మొదట బోరుబావుల కింది చల్కా నేలలలో, నత్రజని వేసే వేళలతో జతచేసి ప్రచారం చేయడం సమంజసం. నీటి పొదుపును మాత్రమే చెప్పి యూరియా సంగతి విడిచిపెట్టిన సిఫారసు సగం సిఫారసే అవుతుంది.