సొంతంగా ఈ-పుస్తకం ప్రచురించడం, అమ్మడం: తమ్ముళ్లకు ఒక పాఠం



వార్షికోత్సవానికి వచ్చిన ప్రతిసారీ మీలో ఒకరిద్దరు నోటుపుస్తకం పట్టుకుని మా దగ్గరికి వస్తారు. అందులో కవితలుంటాయి, కథలుంటాయి, అమ్మమ్మ దగ్గర విని రాసుకున్న పాటలుంటాయి. "అన్నా, ఇది పుస్తకంగా రావాలంటే ఎంతవుతుంది?" అని అడుగుతారు. మేము అంకె చెప్పగానే నోటుపుస్తకం మూసేస్తారు. ఆ అంకె దగ్గర ఆగిపోయిన రచనలు మన హాస్టల్లోనే ఎన్నో ఉన్నాయి. అందుకే ఈ సంచికలో అచ్చు ఖర్చు లేకుండా ఈ-పుస్తకం ఎలా ప్రచురించాలో, ఎలా అమ్మాలో, ఎక్కడ మోసపోతామో మాకు తెలిసినంతవరకు వివరిస్తున్నాము.

మేము ఈ హాస్టల్లోనే చదువుకుని ఉద్యోగాల్లో చేరిన నలుగురం. జీతాల్లో కొంత పక్కన పెట్టుకుని చిన్న ప్రచురణ నడుపుతున్నాము. మా మొదటి పుస్తకం 500 ప్రతులు అచ్చువేశాము. చందాలు పోగుచేస్తే 30 వేలు అయ్యాయి, అన్నీ ప్రెస్సుకే సరిపోయాయి. ఆవిష్కరణ సభలో 100 ప్రతులు కానుకలుగా పోయాయి. దుకాణాలకు ఇచ్చినవాటి డబ్బు సగం కూడా తిరిగి రాలేదు. మిగిలిన కట్టలు అటక మీద పెడితే ఒక వానాకాలం చెమ్మకు, ఆ తర్వాత చెదలకు పోయాయి. ఆ దెబ్బతోనే ఈ-పుస్తకం వైపు మళ్లాము.

సొంతంగా ప్రచురించుకోవడం చిన్నతనమని కొందరు అనుకుంటారు. ఒక సంగతి గుర్తుచేస్తాము. 1936లో లాహోర్‌లోని జాత్-పాత్ తోడక్ మండల్ తమ మహాసభకు అధ్యక్షత వహించమని డా. బి.ఆర్. అంబేడ్కర్‌ను ఆహ్వానించింది. ఆయన ప్రసంగ పాఠం చూశాక అందులోని మాటలకు అభ్యంతరం చెప్పింది. ఆయన ఒక్క మాట కూడా మార్చనన్నారు. సభ జరగలేదు. ఆ ప్రసంగాన్ని ఆయన సొంత ఖర్చుతో అచ్చువేయించారు. ఇంగ్లీషు ప్రతులు 1,500 రెండు నెలల్లో అయిపోయాయి. అదే 'కులనిర్మూలన' పుస్తకం. వేదిక దొరకని మాట పుస్తకమై నిలిచింది. అయితే అప్పట్లో అచ్చుకు డబ్బు కావాల్సి వచ్చింది. నేడు ఆ అడ్డు చాలావరకు తొలగింది.

1. ఈ-పుస్తకం అంటే ఏమిటి?

ఈ-పుస్తకం కొత్త సంగతేమీ కాదు. 1971లోనే అమెరికాలో మైకేల్ హార్ట్ స్వాతంత్ర్య ప్రకటన పాఠాన్ని కంప్యూటరులోకి ఎక్కించి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌కు నాంది పలికాడు. 2007లో అమెజాన్ కిండిల్ వచ్చాక అమ్మకాలు ఊపందుకున్నాయి. తెలుగులో 2010లో కినిగె సంస్థ ఈ-పుస్తకాలను అమ్మడమే కాక అద్దెకు కూడా ఇవ్వడం మొదలుపెట్టింది.

ముఖ్యంగా రెండు రకాల ఫైళ్లు ఉన్నాయి. పీడీఎఫ్‌లో పేజీ అచ్చులో ఎలా ఉందో అలాగే ఉంటుంది. పెద్ద తెర మీద బాగుంటుంది గాని, ఫోన్లో అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి. పెద్దవి చేస్తే పంక్తి తెర దాటిపోతుంది. ఈపబ్ అలా కాదు. అక్షరం పెద్దది చేస్తే పంక్తులు వాటంతటవే సర్దుకుంటాయి. మన పాఠకుల్లో చాలామంది ఫోన్లోనే చదువుతారు కాబట్టి ఈపబ్ తప్పనిసరి.

2. అక్షరాల దగ్గరే అసలు చిక్కు

మన డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అనూ ఫాంట్లతో కంపోజ్ చేశారు. ఆ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చారు. కాగితం మీద చక్కగా వస్తుంది. ఆ పాఠాన్ని తీసి ఫోన్లో పెడితే మాత్రం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనబడతాయి. మా పాత పుస్తకానికి ఇదే జరిగింది.

ఈ-పుస్తకానికి కావలసింది యూనికోడ్. ఇందులో ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన సంఖ్య ఉంది కాబట్టి ఏ ఫోన్లోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి. కాని మార్చాక ఒత్తులు, గుణింతాలు చెడతాయి. మళ్లీ మొదటి నుంచి చివరిదాకా ప్రూఫులు దిద్దాల్సిందే. మీరు కొత్తగా రాసేవాళ్లు, మొదటినుంచీ యూనికోడ్‌లోనే టైపు చేయండి. ఫోన్లో టైపు చేసినా చాలు.

యూనికోడ్ వల్ల ఇంకో మేలుంది. ఫోను ఆ పాఠాన్ని పైకి చదివి వినిపించగలదు. చూపు లేని సోదరులు కూడా మన పుస్తకాన్ని వినగలరు. పేజీలను ఫొటోలు తీసి పీడీఎఫ్ చేస్తే ఈ మేలు దక్కదు.

3. తయారు చేసే పద్ధతి

అ) పాఠాన్ని లిబ్రే ఆఫీస్ రైటర్‌లో గాని, గూగుల్ డాక్స్‌లో గాని పెట్టండి. రెండూ ఉచితమే. రెండింటిలోనూ ఈపబ్‌గా భద్రపరిచే వీలుంది.
ఆ) అధ్యాయాల పేర్లను ఊరికే లావు అక్షరాలు చేయకండి. 'హెడింగ్' అనే శైలిని వాడండి. విషయసూచిక దానంతటదే తయారవుతుంది.
ఇ) చిన్న దిద్దుబాట్లకు సిజిల్, ఫైలు రకాలు మార్చడానికి కాలిబర్ ఉన్నాయి. ఇవీ ఉచితమే.
ఈ) ఫాంటు కూడా పుస్తకంలో కలపాలనుకుంటే మండలి, రామభద్ర, నోటో శాన్స్ తెలుగు వంటి స్వేచ్ఛగా వాడుకోదగ్గ ఫాంట్లనే తీసుకోండి.
ఉ) తయారైన ఫైలును కనీసం రెండు మూడు రకాల ఫోన్లలో తెరిచి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చూడండి.
ఊ) ప్రూఫులు రాసినవారొక్కరే దిద్దకూడదు. మన తప్పు మన కంటికి కనబడదు. ఇంకొకరిచేత చదివించండి.

4. హక్కులు: అన్నిటికంటే ముఖ్యమైన పాఠం

రచన కాగితం మీద పెట్టిన క్షణం నుంచే కాపీరైటు రచయితది. రిజిస్ట్రేషన్ చేయించకపోయినా ఆ హక్కు ఉంటుంది. మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆపై 60 ఏళ్లు ఆ హక్కు నిలుస్తుంది. మరణించిన మరుసటి సంవత్సరం జనవరి 1 నుంచి ఈ 60 ఏళ్లు లెక్కించాలి.

ఉదాహరణకు 1915లో మరణించిన గురజాడ రచనలను ఎవరైనా ప్రచురించవచ్చు. 'మాలపల్లి' రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో మరణించారు కాబట్టి ఆ గడువు 2018తో ముగిసింది. కాని మనమంతా అభిమానించే గుర్రం జాషువా 1971లో మరణించారు. ఆయన రచనలపై హక్కు 2031 చివరిదాకా వారసులదే. అభిమానం కొద్దీ ఆయన కావ్యాన్ని ఈ-పుస్తకం చేసి అమ్మితే చట్టరీత్యా తప్పే.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఒకటి, అనువాదకునికి తన అనువాదం మీద వేరుగా హక్కు ఉంటుంది. అంబేడ్కర్ ఇంగ్లీషు 'కులనిర్మూలన' గడువు 2016తో తీరింది గాని, ఈమధ్య వచ్చిన తెలుగు అనువాదాన్ని ఎత్తి పెట్టుకోకూడదు. రెండు, రచయిత మరణించాక తొలిసారి వెలువడిన రచనకు, అది వెలువడిన ఏడాదిని బట్టి 60 ఏళ్లు లెక్క.

ఇప్పుడు మీ సొంత రచన సంగతి. మా మిత్రుడొకడు, ఇదే హాస్టల్ వాడు, తన తల్లి కూలి బతుకు మీద ఒక మంచి నవల రాశాడు. ఒక సంస్థ 20 వేలు కట్టించుకుని, 10 ప్రతులు చేతిలో పెట్టింది. ఈ-పుస్తకం కూడా తెస్తామని చెప్పి తేలేదు. మేమే తెద్దామని వాడి ఒప్పంద పత్రం చదివితే, 'అన్ని రూపాల్లో, శాశ్వతంగా, సర్వహక్కులూ సంస్థవే. వాడుకోకపోయినా రద్దు కావు' అని ఉంది. వాడు చదవకుండా సంతకం పెట్టాడు. ఈ రోజుకీ ఆ నవల చదవాలంటే వాడి దగ్గరున్న ఒక్క ప్రతిని చేతులు మార్చుకోవాల్సిందే. అమ్మ కథ వాడిది, దాన్ని పదిమందికీ అందించే హక్కు మాత్రం వాడిది కాదు.

చట్టంలో రచయితకు రక్షణ లేకపోలేదు. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్లే చెల్లుతుంది. ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే చెల్లుతుంది. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే విధంగా రాసి ఉంటే తప్ప, ఆ హక్కు పోతుంది. 2012 సవరణ ప్రకారం, ఒప్పందం నాటికి వాడుకలో లేని కొత్త మాధ్యమానికి, దాని పేరు ప్రత్యేకంగా రాస్తే తప్ప బదిలీ వర్తించదు. కాని ఇవన్నీ ఎక్కువగా కాగితం మీద రాయని సంగతులకే పనికొస్తాయి. వేరుగా రాసి సంతకం పెట్టించుకున్న చోట చట్టం కూడా అంతగా ఆదుకోలేదు. మా మిత్రుడికి జరిగింది అదే.

అందుకని మేము రచయితలతో ఒకే ఒక పేజీ ఒప్పందం రాసుకుంటాము. ఈ-పుస్తకం వరకే, తెలుగు వరకే, 3 ఏళ్ల వరకే, మిగిలిన హక్కులన్నీ రచయితవే, వచ్చిన దానిలో సగం రచయితకు, ప్రతి ఏప్రిల్‌లో లెక్క చూపాలి. మీరు ఎవరికి ఇచ్చినా ఈ ఆరు మాటలు ఉన్నాయో లేదో చూసుకోండి.

5. ఐ.ఎస్.బి.ఎన్., పన్ను

ఐ.ఎస్.బి.ఎన్. అనేది పుస్తకానికి 13 అంకెల గుర్తింపు సంఖ్య. మన దేశంలో రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ దీన్ని ఉచితంగా ఇస్తుంది. డబ్బు అడిగే దళారులను నమ్మవద్దు. అచ్చు పుస్తకానికి ఒక సంఖ్య, ఈ-పుస్తకానికి వేరే సంఖ్య ఉండాలి.

అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు. ఈ-పుస్తకాలకు ఉంది. అచ్చు ప్రతి కూడా ఉన్న ఈ-పుస్తకాలకు 2018 జులైలో దాన్ని 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. అమ్మకాలు మొదలుపెట్టే ముందు తెలిసిన ఆడిటరును ఒకసారి అడగడం మంచిది.

6. లెక్క వేసి చూద్దాం

అచ్చు పుస్తకం ఒక్కోదానికి ఖర్చు 60 రూపాయలు, వెల 100 అనుకుందాం. దుకాణం 40 తీసుకుంటే మిగిలేది 60. అది ఖర్చుకే సరి. అన్నీ అమ్ముడైనా రచయితకు సున్నా.

ఈ-పుస్తకం వెల 60 రూపాయలు, అమ్మే సంస్థ వాటా 40 శాతం అనుకుందాం. చేతికి 36 వస్తాయి. టైపు, ప్రూఫులు, ముఖచిత్రం కలిపి 5 వేలు ఖర్చయిందనుకుంటే, 139 ప్రతులు అమ్మితే ఖర్చు తీరుతుంది. ఆపై వచ్చే ప్రతి ప్రతికీ రచయితకు 18, ప్రచురణకు 18. చెదలు పట్టే కట్టలు లేవు. వాటాలు సంస్థను బట్టి మారతాయి కాబట్టి చేరేముందు చదువుకోవాలి. అయితే 139 మంది పాఠకులను వెతకడం చిన్న పని అనుకోకండి. అచ్చు ఖర్చు తగ్గింది గాని ఈ శ్రమ తగ్గలేదు.

7. అమ్మడం

గూగుల్ ప్లే బుక్స్‌లో తెలుగు ఈ-పుస్తకాలు అమ్ముతున్నారు. కిండిల్‌లో 2016లో ఐదు భారతీయ భాషలకు చోటిచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి గాని తెలుగు లేదు. కాబట్టి ఏ సంస్థకు పంపినా, ఆ రోజు వారి భాషల జాబితాలో తెలుగు ఉందో లేదో ముందే చూసుకోవాలి.

నేరుగా కూడా అమ్మవచ్చు. సభల్లో బల్ల మీద ముఖచిత్రం, పక్కన యూపీఐ క్యూఆర్ కోడ్ పెడతాము. డబ్బు కట్టినవారికి ఫైలు మెయిల్లో పంపుతాము. మొదటి పేజీలో కొన్నవారి పేరు వేస్తాము. తన పేరున్న ప్రతిని గ్రూపులో పెట్టడానికి ఎవరైనా కాస్త ఆలోచిస్తారు.

పుస్తకం పేరు తెలుగులోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ ఇవ్వండి. మనవాళ్లు చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లోనే వెతుకుతారు. ఒక అధ్యాయం ఉచితంగా చదవనివ్వండి. విదేశాల్లో ఉన్న తెలుగువారికి అచ్చు పుస్తకం పంపాలంటే పుస్తకం వెల కంటే పోస్టు ఖర్చే ఎక్కువ. వారికి ఈ-పుస్తకం క్షణంలో చేరుతుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. హాస్టల్లో మేమూ ఒక గైడు కొని నలభై మంది జిరాక్సు తీసుకున్నవాళ్లమే. ఆ రోజు మా దగ్గర డబ్బు లేదు. ఇవాళ జీతాలు తీసుకుంటూ కూడా 60 రూపాయల పుస్తకం 'ఫైలు పంపు' అని అడుగుతున్నాము. అలా అడిగిన ప్రతిసారీ మన తమ్ముడి చేతిలోని 18 రూపాయలే తీసుకుంటున్నామని పూర్వ విద్యార్థులు గుర్తించాలి. నిజంగా కొనలేని విద్యార్థికి మేమే ఉచితంగా ఇస్తాము, అడగడానికి మొహమాటపడవద్దు.

చివరగా

మన హాస్టల్ పాత వార్షిక సంచికలు చాలావరకు దొరకడం లేదు. పూర్వ విద్యార్థుల ట్రంకుపెట్టెల్లో ఎక్కడైనా ఉంటే తెచ్చి ఇవ్వండి. స్కాన్ చేసి, రాసినవారి అనుమతి తీసుకుని, మళ్లీ టైపు చేయించి ఈ-పుస్తకంగా తెస్తాము. టైపు నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లకు ఆదివారాలు మేము నేర్పుతాము.

వచ్చే వార్షికోత్సవానికి నోటుపుస్తకం తెచ్చేవాళ్లు ఎంతవుతుందని అడగవద్దు. ముందు మీరు రెండుసార్లు చదవండి, మీ గదిలో ఒకరిచేత చదివించండి, తప్పులు దిద్దండి. తర్వాత తీసుకురండి. కూర్చుని పని మొదలుపెడదాం. ఎవరు కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నా మాత్రం, ముందు మాకు చూపించండి.