ఆడబిడ్డకు గ్రీకు పేరు

చదువవలసిన భాగములు: రోమా. 16:1–16, అపొ. కార్య. 9:36–42, ఫిలిప్పీ. 4:2–3; 2 తిమోతి 1:5.



పూర్వము బిడ్డను గుడికి తెచ్చిన తలిదండ్రులు, "అయ్యగారూ, మీరే ఒక మంచి పేరు పెట్టండి" అనెడివారు. ఇప్పుడు, "ఈ పేరు మన సంఘంలో ఇంకెవరికీ లేదు గదా అయ్యగారూ?" అని అడుగుచున్నారు. మేరీలు, మార్తలు, రూతులు, ఎస్తేరులు వీధికి నలుగురున్నారు గనుక వారు అట్లు అడుగుటలో వింత లేదు. ఈ మధ్య హైదరాబాదులో పని చేయు ఒక యౌవన దంపతులు సెల్‌ఫోనులో వెదకి ఇరువది గ్రీకు పేర్లు వ్రాసికొని వచ్చిరి. వాటిలో సగము గ్రీకుల దేవతల పేర్లు. రెండు మూడు అసలు గ్రీకే కావు. ప్రక్కన కూర్చున్న నాయనమ్మ ఆ పట్టిక అంతయు విని, "అయ్యగారూ, నాకు నోరు తిరిగే పేరు పెట్టండి. వీళ్లు పట్నం పోతారు, దాన్ని పిలవాల్సింది నేనే" అన్నది. ఆమె మాటలో ఎంతో న్యాయమున్నది. దానిని గూర్చి ముందు చెప్పుదును.

అరుదైన పేరు కోరుట తప్పు కాదు. క్రొత్త నిబంధన గ్రీకు భాషలో వ్రాయబడినది గనుక గ్రీకు పేర్లు మనకు పరాయివియు కావు. అయితే ఆ పేర్లను మొదట ఎవరు ఎవరికి పెట్టిరి, వాటిని ధరించిన స్త్రీలు ఎట్లు జీవించిరి అని తెలిసికొనకుండ, చెవికి ఇంపుగా నున్నదని మాత్రమే ఎన్నుకొనుట, పెండ్లికుమారుని ఫొటో చూచి సంబంధము కుదుర్చుకొనినట్లుండును.

రోమా పత్రిక 16వ అధ్యాయము తీయుడి. పౌలు సుమారు క్రీ.శ. 57లో కొరింథునుండి ఈ పత్రిక వ్రాసెను. పేర్లు పలుకుట కష్టమని మనము ఈ అధ్యాయమును త్వరగా దాటిపోవుదుము. ఫీబేను కలుపుకొని అందులో పదిమంది స్త్రీలున్నారు. ఎనిమిదిమందికి పేర్లున్నవి, ఇద్దరికి లేవు. ఆ ఎనిమిదిలో ఫీబే, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు అను నాలుగును గ్రీకు పేర్లు.

ఫీబే అనగా ప్రకాశించునది. అర్థము చక్కనిదే. కాని గ్రీకుల పురాణములలో ఫీబే ఒక దేవత. అపొల్లోకును అర్తెమికిని అమ్మమ్మ. ఎఫెసులో ఏ అర్తెమిదేవి కొరకు కంసాలులు పట్టణమంతటిని రేపి అల్లరి చేసిరో ఆ అర్తెమియే. అట్టి పేరుగల స్త్రీ కొరింథుకు తూర్పు రేవైన కెంక్రేయలో సంఘ పరిచారకురాలాయెను; అనేకులకును పౌలుకును సహాయురాలాయెను. ఈ పత్రికను రోమాకు మోసికొనిపోయినది ఆమెయే అని వ్యాఖ్యాతలు పెక్కుమంది చెప్పుదురు. పౌలు ఆమె పేరు మార్చలేదు. ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదితే అను దేవత ఉన్నది, అర్తెమా పేరులో అర్తెమి ఉన్నది, హెర్మే పేరు తిన్నగా ఒక దేవుని పేరే. వారిలో ఎవరి పేరును మార్చినట్లు మనము చదువము. లక్ష్మి అనియో దుర్గ అనియో పేరున్న సహోదరి బాప్తిస్మము కోరి వచ్చినప్పుడు, ఆ పేరు విడిచిననే గాని రక్షణ సంపూర్ణము కాదన్నట్లు ఆమెను నొప్పించువారు ఈ అధ్యాయమును నెమ్మదిగా చదువవలెను. ఆమె తానుగా క్రొత్త పేరు కోరినయెడల సంతోషముతో ఇయ్యవచ్చును. అది వేరు సంగతి.

మిగిలిన మూడు పేర్ల చరిత్ర వేరు. పెర్సిసు అనగా పారసీక దేశపు స్త్రీ. ఏథెన్సువారు తమ దాసులను వారు వచ్చిన దేశమును బట్టి పిలిచెడివారని స్ట్రాబో అను భూగోళ గ్రంథకర్త వ్రాసియున్నాడు. అనగా సంతలో కొనబడిన మనుష్యునికి తల్లి పెట్టిన పేరు పోయి, ఊరి పేరు మిగిలినది. లూదియ పేరుకూడ అట్టిదే కావచ్చును. లూదియ అనునది ఆసియలోని ఒక సీమ, ఆమె పట్టణమైన తుయతైర ఆ సీమలోనిదే. త్రుఫైనా, త్రుఫోసా అను రెండును సుకుమారము, విలాసము అను అర్థమిచ్చు ఒకే మాటనుండి పుట్టినవి. రోమా పట్టణపు శాసనములలో ఈ పేర్లు దాసీలకును, విడుదల పొందిన దాసీలకును కనబడుచున్నవి. ఇట్టి సుకుమారులను గూర్చి పౌలు ఏమి వ్రాసెను? వారు ప్రభువునందు ప్రయాసపడువారని వ్రాసెను. ఆ గ్రీకు మాటకు ఒళ్లు అలసిపోవునంతగా కష్టపడుట అని అర్థము. ఈ అధ్యాయములో ఆ మాట నలుగురు స్త్రీలను గూర్చి మాత్రమే వాడబడినది: మరియ, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు. సుకుమారి అను పేరుగలవారు చెమటోడ్చిరని వ్రాయునప్పుడు అపొస్తలుడు కొంచెము నవ్వుకొనియుండునని నాకు తోచును. పెర్సిసునైతే ప్రియమైనదని పిలిచెను. పారసీకపుదానా అని కేకవేసి పని చెప్పుటకు పెట్టబడిన పేరు, సంఘమంతటి యెదుట ప్రేమతో చదువబడినది.

ఈ సంగతి మన పల్లెలలో వేరుగా వివరింపనక్కరలేదు. మన తాతముత్తాతలను పొలముల యజమానులు "గాడు" చేర్చియు, అవ్వలను "అదీ ఇదీ" అనియు పిలిచిన దినములు పెద్దలకు ఇంకను జ్ఞాపకమున్నవి. బాప్తిస్మపు రిజిష్టరులో యోహాను, సువార్తమ్మ, దేవదానము అని వ్రాయబడినప్పుడు, ఆ కుటుంబములో ఒక మనుష్యుని పేరు గౌరవముగా కాగితముమీద వ్రాయబడుట అనేకమారులు అదే మొదటిసారి. గనుక మనకు పేరు అలంకారము మాత్రమే కాదు. సంఘములో ఒక పేరు, సర్టిఫికెట్టులో వేరొక పేరు ఉన్న ఇండ్లును మన మధ్య ఉన్నవి. దాని కారణములు మీకు తెలిసినవే. ఆ చర్చకు ఇది చోటు కాదు.

పేరులేని ఇద్దరిని కూడ మరువవద్దు: రూఫు తల్లి, నేరియ సహోదరి. రూఫు తల్లి తనకును తల్లియే అని పౌలు చెప్పుచున్నాడు. పేరు మాత్రము చెప్పలేదు. మన ఊళ్లలో ఇది నిత్యము జరుగుచున్నది. ఆడపిల్లకు ఎంత వెదకి పేరు పెట్టినను, పెండ్లియైన తరువాత ఫలానావారి కోడలు, కాన్పు అయిన తరువాత ఫలానా పిల్లవాని అమ్మ. స్త్రీల కూటములో నలువది ఏండ్లుగా ప్రక్క ప్రక్కన కూర్చున్నవారు ఒకరి పేరు ఒకరు ఎరుగకుండుట నేను చూచితిని. అరుదైన పేరు కొరకు ఇంత శ్రమపడు తండ్రి, ఆ పేరుతో తన భార్యను ఎప్పుడు పిలిచెనో కూడ ఆలోచించుకొనవలెను.

అర్థమును గూర్చి ఒక మాట. యునీకే అనగా మంచి జయము. బెర్నీకే అనగా జయము తెచ్చునది. దీనినుండియే వెరోనికా అను పేరు వచ్చినది. రెండింటిలోను ఉన్నది ఒకే జయము. కాని యునీకే లుస్త్ర ప్రాంతములో అన్యుడైన భర్తతో కాపురము చేయుచు, కుమారుడైన తిమోతికి పసితనమునుండి లేఖనములు నేర్పిన తల్లి. బెర్నీకే తన అన్నయైన అగ్రిప్పతోకూడ మిక్కిలి ఆడంబరముగా వచ్చి, సంకెళ్లతో నిలిచిన పౌలు మాట విని, లేచి వెళ్లిపోయెను. ఫోనులోని పట్టికలో అర్థము మాత్రమే ఉండును. ఇట్లే యువొదియను పరిమళమని కొందరు చెప్పుదురు గాని అది వేరు మాట. యువొదియ అనగా మంచి ప్రయాణము. ఆమెయు సుంటుకేయు సువార్తలో పౌలుతోకూడ పోరాడినవారు, తరువాత ఒకరితో ఒకరు కలియలేనివారు. ఇద్దరికి సమాధానము చెప్పవలసినదిగా పౌలు వేరొకనిని వేడుకొనవలసివచ్చెను. అయినను వారి పేర్లు జీవగ్రంథములో ఉన్నవని అక్కడనే చెప్పెను గనుక ఆ పేర్లు పెట్టరాదని నేననను. రెండును కవలలకు మాత్రము వద్దు.

ఇప్పుడు నాయనమ్మ మాటకు వచ్చెదను. యొప్పేలో ఒక శిష్యురాలుండెను. ఆమెకు ఇంటి భాషలో తబిత అని పేరు. లూకా ఆ పేరును గ్రీకులోనికి మార్చి దొర్కా అని చెప్పుచున్నాడు. రెంటికిని లేడి అనియే అర్థము. అనగా పరిశుద్ధ గ్రంథకర్త పేరు ధ్వనిని కాక అర్థమును గ్రీకువారి నోటికి అందించెను. అదే పని మనము చేసినయెడల దొర్కా తెలుగులో హరిణి యగును. క్లోయె అనగా లేత చిగురు, అది పల్లవి. ఐరీనీ శాంతి. ఫీబే జ్యోతి యనినను, ప్రభ యనినను తప్పు లేదు. థియొదోరా, దొరోతియా అను రెండు పేర్లలోను ఉన్నవి దేవుడు, బహుమానము అను మాటలే, ముందు వెనుకలుగా. మన పెద్దలు గ్రీకు నేర్వకయే దేవదానము అని పెట్టిరి. శాంతమ్మ, జ్యోతి పాతకాలపు పేర్లని ముఖము ముడుచుకొని, అదే అర్థముగల ఐరీనీని కోరుట నాకు కొంచెము విచిత్రముగా నున్నది. అయినను దొర్కా అనియే పెట్టెదమన్నచో మంచిదే. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన బట్టలు చూపించి ఏడ్చిరి. ఆమె పేరునకు వారిచ్చిన అర్థమది.

తెలుగు చెవిని కూడ అడుగవలెను. గులాబి అని అర్థమిచ్చు అందమైన గ్రీకు పేరు మన బైబిలులో రొదే అని ఉన్నది. బడిలో పిల్లలు దానిని "రొద" చేయక విడువరు. రోజా అనినయెడల ఆ చిక్కు లేదు. ఫీబేను ఇంగ్లీషులో వ్రాయునప్పుడు పలుకబడని ఓ అక్షరము ఒకటుండును. మాస్టరుగారు "ఫోబ్" అని పిలుచుట కద్దు. లూదియను బడిలో లిడియా అందురు, యునీకేను యూనిస్ అందురు. బైబిలు తెరచిన బిడ్డ తన పేరు తానే గుర్తుపట్టదు. తలిదండ్రులు ఆ వచనమును చూపి, ఇది నీ పేరే అని చెప్పవలెను.

తిమోతి అవ్వ పేరు లోయి. క్రొత్త నిబంధన అంతటిలో అవ్వ అను మాట ఉన్నది ఆ ఒక్క వచనములోనే. విశ్వాసము మొదట ఆమెలో వసించినదని పౌలు చెప్పుచున్నాడు. ఏ ఇంటిలో బిడ్డను పెంచునది నాయనమ్మయో, రాత్రి ప్రార్థనలో ఆ పేరును దేవునియెదుట పలుకునది ఆమెయో, ఆ ఇంటిలో ఆమె నోరు తిరుగని పేరు పెట్టరాదని నా అభిప్రాయము. ఆ దంపతులు ఆమెచేత పేర్లన్నియు ఒక్కొక్కటిగా పలికించి చూచిరి. పెర్సిసు ఆమె నోట "పెరిసమ్మ" ఆయెను. ఆమెకు నచ్చినది. తండ్రి కొంచెము చిన్నబుచ్చుకొనెను గాని ఒప్పుకొనెను.

పేరు నిశ్చయించుటకు తొందర పడనక్కరలేదు. జననమును 21 దినములలో తెలియజేయవలెను గాని పేరు లేకుండనే నమోదు చేయింపవచ్చును. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము క్రింద నమోదైన 12 నెలలలోపల రుసుము లేకుండ పేరు చేర్చుదురు. 2023 అక్టోబరు 1 మొదలుకొని పుట్టినవారికి బడిలో చేర్చుట మొదలైన పనులకు ఆ జనన పత్రమే పుట్టిన తేదీకి ఆధారము. గనుక తెలుగులోను ఇంగ్లీషులోను అక్షరములు ఒక కాగితముమీద స్పష్టముగా వ్రాసి తెండి. పంచాయితీ కార్యాలయములో ఇచ్చినదియు, నాకు ఇచ్చునదియు ఒకటే కావలెను. గుడి రిజిష్టరులో అట్లే వ్రాసెదను.