ఉమ్మడి హాలు, ఉమ్మడి యంత్రం: వంతు తప్పకుండా వాడుకొనే పద్ధతి



నాగార్జునసాగర్ కుడి కాలువ కింద సేద్యం చేసే పల్నాడు రైతుకు వంతు అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. 1967లో కాలువకు నీరు వదిలిన నాటి నుంచి, చివరి పొలానికి నీరందాలంటే పైవారు వంతు పాటించవలసిందే. పాల సంఘానికి ఉమ్మడిగా ఉన్న సమావేశపు హాలు, గడ్డి ముక్కలు చేసే యంత్రం, ట్రాలీ విషయంలోనూ న్యాయం అదే.

వంతు తప్పితే ఏమవుతుంది?

గురజాల వైపు ఒక గ్రామంలో ఇద్దరు సభ్యులకు పాతర గడ్డి కోసం వేసిన మొక్కజొన్న ఒకేసారి కోతకు వచ్చిందనుకొందాం. ఒకరు అధ్యక్షుల వారితో చెప్పారు. ఇంకొకరు కార్యదర్శితో చెప్పారు. ఇద్దరికీ ఒకే రోజు ఖాయమైంది. ఇద్దరూ కూలీలను పిలుచుకొన్నారు. యంత్రం మాత్రం ఒకటే.

పాతర వేసే నాటికి మొక్కలో తేమ 65 నుంచి 70 శాతం ఉండాలి. అంతకన్న ఎండితే ముక్కలు గట్టిగా అణగవు. మధ్యలో గాలి నిలిచి బూజు పడుతుంది. కనుక ఆగవలసి వచ్చిన సభ్యునికి నష్టం ఒకనాటి కూలితో పోదు. వేసవిలో గేదెలకు మేత చాలక పాలు తగ్గుతాయి. ఇందులో ఎవరి మోసమూ లేదు. వంతు రెండుచోట్ల నమోదు కావడమే తప్పు.

ఫోనులో వంతుల పుస్తకం

ఇప్పుడు సెల్‌ఫోనులోనూ, కంప్యూటరులోనూ పదిమందీ చూడగల క్యాలెండరు ఉన్నది. గూగుల్ క్యాలెండర్ ఖర్చు లేకుండా దొరుకుతుంది. దానిని ఇలా వాడుకోండి.

1. హాలుకు ఒకటి, యంత్రానికి ఒకటి, ట్రాలీకి ఒకటి చొప్పున వేరు వేరు క్యాలెండర్లు తెరవండి. ఖాతా సంఘం పేరున ఉండాలి. అప్పుడు కార్యదర్శి మారినా లెక్క సంఘంతోనే ఉంటుంది.

2. చూసే అనుమతి సభ్యులందరికీ ఇవ్వండి. రాసే అనుమతి కార్యదర్శికి, ఆయన లేనప్పుడు పనిచేసే మరొకరికి మాత్రమే ఉండాలి.

3. స్మార్ట్‌ఫోను లేని సభ్యులు ఉదయం, సాయంత్రం పాలు పోయడానికి వచ్చినప్పుడు చెబితే, వారి ఎదుటనే నమోదు చేయండి. వారం వారం జాబితా రాసి కేంద్రం గోడకు అంటించండి.

4. పని వేళ ఒక్కటే రాస్తే చాలదు. యంత్రాన్ని తీసుకుపోవడానికి, శుభ్రం చేసి తిరిగి అప్పగించడానికి పట్టే సమయం కూడా కలపండి. అప్పగించేటప్పుడు బ్లేడు, బెల్టు చూసి, లోపముంటే ఆ వంతు కిందనే రాయండి.

5. వాన వల్ల పని ఆగితే వెంటనే తెలియజేసి వంతు కొట్టివేయించండి. ఆ రోజు మరొకరికి ఉపయోగపడుతుంది.

6. సర్వసభ్య సమావేశం, పశువైద్య శిబిరం తేదీలు ముందుగానే హాలు క్యాలెండరులో వేయండి. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు ట్రాలీ కావాలనేవారు ఎక్కువ. ఆ రోజులను ఎవరికి ఇవ్వాలో పాలకవర్గమే ముందు నిర్ణయించాలి.

ఒక జాగ్రత్త

సాధారణ ఖాతాలోని క్యాలెండరు ఒకే వేళకు ఇద్దరి పేర్లు రాసినా అడ్డు చెప్పదు. చూసి రాయవలసిన బాధ్యత మనదే. సంస్థలు సొమ్ము కట్టి తీసుకొనే వర్క్‌స్పేస్ ఖాతాలో హాలును, యంత్రాన్ని వేరుగా నమోదు చేసుకొనే ఏర్పాటు ఉంది. అందులో ఖాళీ లేని వేళకు వచ్చిన రెండవ కోరికను అదే తిరస్కరిస్తుంది. చిన్న సంఘానికి మొదటిదే చాలును.

ఏది వాడినా ముఖ్యమైనది ఒక్కటే. క్యాలెండరులో లేని వంతు, అధ్యక్షుల వారు నోటిమాటగా ఇచ్చినదైనా చెల్లదని సంఘం తీర్మానం చేయాలి. ఆ తీర్మానం లేకపోతే ఫోను కూడా మరొక చిత్తు పుస్తకమే అవుతుంది.

సంఘ సమావేశంలో చర్చించండి: మన సంఘంలో ఇప్పుడు వంతు ఎన్నిచోట్ల నమోదవుతున్నది? కిందటి కోతల్లో యంత్రం కోసం ఎవరు ఎన్నాళ్లు ఆగారు?