వృథాను గీతలోనే ఆపాలి

ప్రశ్న: ఆర్కిటెక్చర్ మూడో ఏడాది చదువుతున్నాను. పర్యావరణ హిత డిజైన్ అంటూనే ప్రతి రివ్యూకీ థర్మోకోల్ మోడళ్లు చేయించి పారేయిస్తున్నారు. వృథా తగ్గించడం ఎలా నేర్చుకోవాలి?
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు: మీ చిరాకు న్యాయమైనదే. తొలి మోడళ్లు పాత అట్టపెట్టెలతో చేయనివ్వమని మాస్టార్లను అడగండి. అయితే అసలు వృథా జరిగేది సైట్‌లో. దాన్ని గీతలోనే ఎలా ఆపవచ్చో తెలియాలంటే, వీలైతే తిరువనంతపురంలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ చూసి రండి. ఆయన ప్రచారంలోకి తెచ్చిన ర్యాట్‌ట్రాప్ గోడలో ఇటుకలను అంచు మీద నిలబెడతారు, మధ్యలో ఖాళీ మిగులుతుంది. 9 అంగుళాల మామూలు గోడతో పోలిస్తే ఇటుక సుమారు 25 శాతం ఆదా. పైగా లోపల వేడి తక్కువ. పుస్తకంలో బొమ్మ చాలదు, మేస్త్రీ పక్కన నిలబడి రెండు వరుసలు మీరే పేర్చండి. తర్వాతి రివ్యూలో మీ ప్లాన్‌తో పాటు ఇటుకల లెక్క కూడా పెట్టి, దానికీ మార్కులు అడగండి.