లేపే పని వెడ్జ్‌ది

చిన్నారీ,

నీ ఉత్తరం అందింది. గోల్ఫ్ ఆడుతూ గ్రీన్‌కి 40 గజాల దూరంలోకి వచ్చేసరికి చేతులు బిగుసుకుపోతున్నాయని రాశావు. ఒక దెబ్బ నేలలో దిగబడితే మరో దెబ్బ బంతి నెత్తిన తగిలి గ్రీన్ దాటి అవతలి బంకర్లో పడుతోందని, అందుకే ఈ మధ్య కావాలనే 100 గజాల దగ్గర ఆగి అక్కణ్ణించి నిండు స్వింగ్ చేస్తున్నానని రాశావు. 60 డిగ్రీల వెడ్జ్ కొనుక్కుంటే ఈ బాధ తీరుతుందేమోనన్నావు. మీ నాన్న సంగతి మనిద్దరికీ తెలిసిందే, నువ్వు అడగడమే ఆలస్యం, కొనిచ్చేస్తాడు. ఆ లోపల నా మాట నీ చెవిన పడాలని రాస్తున్నాను. హాస్టల్లో ఉన్న పిల్లకి పాఠాలు చెప్పడానికి మనసొప్పదు కానీ, ఈ ఒక్క విషయంలో ఊరుకోలేను.

దిగబడటం, నెత్తిన తగలటం వేర్వేరు జబ్బులని నువ్వనుకుంటున్నావు. ఒకటి వస్తే బంతికి దూరం జరుగుతున్నావు, రెండోది వస్తే దగ్గరికి జరుగుతున్నావు. రెండింటికీ మూలం ఒక్కటే, బంతిని గాల్లోకి లేపాలన్న ఆరాటం. స్వింగ్ వంపుగా సాగుతుంది కదా, ఆ వంపుకి అట్టడుగు చోటు ఒకటుంటుంది. గడ్డి మీద ఉన్న బంతికి ఆ చోటు కాస్త ముందు, జెండా వైపు ఉండాలి. అప్పుడు క్లబ్ కిందికి దిగుతూ మొదట బంతిని, తర్వాత నేలను తాకుతుంది. లేపాలని మనసులో అనుకున్న క్షణానే ఒంటి బరువు కుడికాలి మీదికి పోతుంది, మణికట్లు గరిటెతో పెరుగు తోడుతున్నట్టు తిరుగుతాయి, అట్టడుగు చోటు బంతికి వెనక్కి జరుగుతుంది. అక్కడ క్లబ్‌కి నేల తగిలిందా, దిగబడుతుంది. తగల్లేదా, పైకి లేస్తున్న అంచు వచ్చి బంతి నడుము మీద పడుతుంది. నీ చేతిలో ఉన్న 56 డిగ్రీల వెడ్జ్ ముఖం అప్పటికే ఆకాశం వైపు వాలి ఉంది. కిందికి దిగుతూ తగిలినా బంతి పైకే పోతుంది. నువ్వు చేయాల్సిన సాయం ఏమీ లేదు తల్లీ.

ఈ మాటకి సాక్ష్యం ఆ శాండ్ వెడ్జ్ పుట్టుకలోనే ఉంది. 1930ల మొదట్లో గోల్ఫ్ ఆటగాడు జీన్ సారజెన్‌కి బంకర్లంటే బెడద. విమానం నడపడం నేర్చుకునే రోజుల్లో, తోక కిందికి దిగితే విమానం ముక్కు పైకి లేవడం గమనించి తనకీ ఆలోచన తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. నిబ్లిక్ అనే పాత క్లబ్ అడుగున టంకం పోసి, వెనకంచు ముందంచు కన్నా కిందికి ఉండేలా అరగదీశాడు. 1932లో ఇంగ్లండ్‌లోని ప్రిన్సెస్ కోర్సు మీద బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు, అదే ఏడాది యూఎస్ ఓపెన్ కూడా. ఆయన చేసిన మార్పు ఎక్కడో గమనించు. బంతి తగిలే ముఖం జోలికి పోలేదు, నేల తగిలే అడుగుని మార్చాడు. ఆ అడుగు వంపునే ఇప్పుడు బౌన్స్ అంటున్నాం. మామూలు శాండ్ వెడ్జ్‌కి అది 10 నుంచి 14 డిగ్రీల దాకా ఉంటుంది. క్లబ్ నేలలోకి దిగిపోకుండా గడ్డిని రాసుకుంటూ జారిపోవడానికే అది ఉంది. నేల తగులుతుందేమోనని భయపడి క్లబ్‌ని ముందే పైకి లాగేస్తున్నావంటే, ఆ క్లబ్ ఏ పని కోసం తయారైందో ఆ పనే చేయనివ్వడం లేదన్నమాట. ఇది ఒకసారి చెప్పి ఊరుకునే మాట కాదు, ప్రతి ఉత్తరంలోనూ రాస్తాను, విసుక్కోకు.

అలాగని రెండో తప్పులో పడకు. లేపొద్దని చెప్పగానే చాలామంది చేతుల్ని జెండా వైపు బాగా వంచేసి, బంతిని కుడికాలి ముందుకి తెచ్చుకుని కొడతారు. అప్పుడు బౌన్స్ మాయమై ముందంచు కత్తిలా నేలలోకి దిగుతుంది, మళ్లీ దిగబడటమే. పాదాలు దగ్గరగా పెట్టుకో. బరువు సగం కన్నా కొంచెం ఎక్కువ ఎడమకాలి మీద ఉంచి అక్కడే ఉండనీ. బంతి దాదాపు మధ్యలో ఉండాలి, చేతులు బంతి కన్నా పిసరంత ముందుంటే చాలు. ఆ తర్వాత ఛాతీ జెండా వైపు తిరుగుతూనే ఉండాలి. ఛాతీ ఆగిందంటే మణికట్లు తమంతట తామే తోడటం మొదలుపెడతాయి. నీ ఇబ్బందిలో సగం ఇక్కడే ఉందని నా అనుమానం, ఎందుకంటే చేతులు బిగుసుకుంటున్నాయన్నావు. 40 గజాలకి కావలసిన దానికన్నా క్లబ్‌ని ఎక్కువ వెనక్కి తీసి, దూరం పోతుందేమోనని మధ్యలో బ్రేకు వేస్తున్నావు. ఒకప్పుడు నాసాలో శాస్త్రవేత్తగా పనిచేసి గోల్ఫ్ బోధకుడైన డేవ్ పెల్జ్ దీనికి గడియారం లెక్క చెప్పాడు. ఎడమ చెయ్యి ఏడున్నర ముల్లు దాకా, తొమ్మిది దాకా, పదిన్నర దాకా వెనక్కి పోయే మూడు స్వింగులు, వేగం తీరు మాత్రం అన్నిటికీ ఒకటే. నాలుగు వెడ్జ్‌లుంటే 12 దూరాలు చేతికొస్తాయి. నీకు ఇప్పటికి రెండు వెడ్జ్‌లు, ఆరు దూరాలు చాలు.

నువ్వు చదువుకున్న పిల్లవి, ఊరికే ఒప్పుకోవు. లెక్కలన్నీ దూరపు దెబ్బల్నే గొప్ప అంటుంటే ఈ చిన్న దెబ్బల గోల ఎందుకంటావు. నిజమే. కొలంబియా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ మార్క్ బ్రాడీ లక్షల దెబ్బల్ని లెక్కగట్టి 2014లో తన పుస్తకంలో తేల్చిందదే. ఆటగాళ్ల మధ్య తేడాలో మూడింట రెండు వంతులు 100 గజాలకి అవతల కొట్టే దెబ్బల్లోనే ఉంది. దాన్ని కాదనను, డ్రైవర్ సాధన మానమనీ అనను. అదే బ్రాడీ లెక్కలో ఇంకో వరుస కూడా చూడు. ఫెయిర్‌వే మీద 100 గజాల నుంచి హోల్ ముగించడానికి పీజీఏ టూర్ ఆటగాడికి సగటున 2.80 దెబ్బలు పడితే, 40 గజాల నుంచి 2.60. దగ్గరికి వెళ్లినవాడికే లాభం. 100 గజాల దగ్గర ఆగడమంటే నువ్వు ఆ లాభాన్ని చేజేతులా వదులుకోవడం. పైగా దిగబడిన ఒక్కో వెడ్జ్ దెబ్బ నీకు పూర్తి దెబ్బ ఖర్చు. డ్రైవర్‌తో 20 గజాలు పెంచుకోవడానికి ఒంట్లో బలం రావాలి, నెలలు పడుతుంది. ఈ చిన్న దెబ్బలకి బలం అక్కర్లేదు.

విశాఖ ఎండాకాలంలో నేల గట్టిపడితే బౌన్స్ ఎగిరి బంతి నెత్తిన కొడుతుందని కూడా అంటావు, అదీ నిజమే. అలాంటి నేల మీద శాండ్ వెడ్జ్ ముఖాన్ని తెరవకు. పిచింగ్ వెడ్జ్ తీసి, బంతిని తక్కువ ఎత్తులో పంపి దొర్లనీ. వానలకి నేల మెత్తబడ్డాక బౌన్స్ ఎక్కువున్న క్లబ్ నిన్ను కాపాడుతుంది, అయితే తడి గడ్డి ముఖానికీ బంతికీ మధ్య చేరితే స్పిన్ తగ్గి బంతి అనుకున్న చోట ఆగదు, ఆ మేరకు ముందే దింపు. ఇక 60 డిగ్రీల మాట. అంత వాలు ముఖంతో అదే దూరం పోవాలంటే స్వింగ్ ఇంకా పెద్దది చేయాలి. పెద్ద స్వింగ్‌లో చిన్న తప్పు కూడా పెద్దదవుతుంది. సముద్రపు గాలిలో అంత ఎత్తుకి లేచిన బంతి ఎటు పోతుందో నీకు తెలియనిది కాదు. తోడే అలవాటు పోయాక కొనుక్కో, నేనే మీ నాన్నకి చెబుతాను.

చేతి స్పర్శ పుట్టుకతో రావాలని, అది నీకు లేదని రాసిన వాక్యం చదివి చాలా బాధపడ్డాను. గొప్ప ఆటగాడు సెవె బాయెస్తెరోస్ చిన్నప్పుడు స్పెయిన్‌లోని పెద్రేన్యా సముద్రపు ఒడ్డున ఒక్క పాత 3-ఐరన్‌తో ఆట నేర్చుకున్నాడు. దాని ముఖం దాదాపు నిటారు. బంతి లేవాలంటే ఆ ముఖాన్నే తెరిచి వాలు తెచ్చుకోవాలి. ఇసుకలో అడుగు ఎలా తగిలితే ఏమవుతుందో చేతులకి అలా తెలిసొచ్చింది. మన అదితి అశోక్‌ని చూడు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో ఆమె కన్నా చాలా దూరం కొట్టేవాళ్ల మధ్య ఆడి, ఒక్క దెబ్బ తేడాతో కంచు పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచింది. వాళ్లమ్మే కేడీగా బ్యాగు మోసింది. దూరం తక్కువైనా ఆమెను అంతదాకా నిలబెట్టింది పటర్, గ్రీన్ చుట్టూ ఆడిన ఆట. ఆ పిల్ల చేతులూ నీ చేతుల్లాంటివే.

రేపటి నుంచి బంతి పక్కన పెట్టు. గడ్డి మీద సున్నంతో గీత గీసి, అది పాదాల మధ్యకి వచ్చేలా నిలబడి తొమ్మిది ముల్లు స్వింగ్ చెయ్యి. గడ్డి రాసుకున్న గుర్తు గీత మీదో, గీతకి ముందో పడాలి. వెనక పడితే బరువు కుడికాలి మీదికి పోయినట్టే. వరసగా గుర్తులు సరిగ్గా పడుతున్నాక గీత మీద బంతి పెట్టు. ఇదంతా గడ్డి మీదే చెయ్యి, రేంజ్‌లోని ప్లాస్టిక్ మ్యాట్ మీద వద్దు. మ్యాట్ మీద వెనక తగిలిన క్లబ్ కూడా జారి బంతిని చేరుతుంది. దెబ్బ బాగుందనిపిస్తుంది, తప్పు అలవాటవుతుంది, అదురంతా మణికట్టుకి చేరుతుంది. ఎడమ మణికట్టు నొప్పిగా ఉందని కూడా రాశావు, అది అందుకేనేమో. వారంలో తగ్గకపోతే డాక్టరుకి చూపించు, మీ అమ్మ కంగారుపడుతుందని దాచకు. భోజనం వేళకి చెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న