జెస్సికా అను పేరు



ఆరంబాక్కములోను, సరిహద్దుకు ఆవల తడ, సూళ్లూరుపేటలలోను మన తెలుగు కుటుంబములలో జెస్సికా అను ఆడపిల్లలు కొందరున్నారు. బిడ్డను ప్రతిష్ఠించు దినమున "ఇది బైబిలు పేరే గదండీ?" అని తల్లిదండ్రులు అడుగుదురు. ఆ బిడ్డయే పెద్దదై కాలేజీలో షేక్‌స్పియర్ నాటకము చదివి వచ్చి, "తండ్రి సొమ్ము ఎత్తుకొనిపోయినదాని పేరు నాకెందుకు పెట్టారు?" అనినయెడల వారేమి చెప్పవలెను? అందుచేత ఈ పాఠము వ్రాయుచున్నాము.

జెస్సికా అను రూపము బైబిలులో లేదు. ఆదికాండము 11:29లో హారాను కుమార్తెలు మిల్కా, ఇస్కా కనబడుదురు. ఇస్కా పేరు ఆ ఒక్క వచనములోనే యున్నది. పాత ఇంగ్లీషు బైబిళ్లు కొన్ని దానిని 'జెస్కా' అని అచ్చువేసినవి. దానినుండియే షేక్‌స్పియర్ తన నాటకములోని యూదుని కుమార్తెకు పేరు కట్టెనని పండితులనేకుల తలంపు. ఆ నాటకము, అనగా 'వెనిస్ వర్తకుడు', 1596-97 ప్రాంతమున వ్రాయబడి 1600లో అచ్చయినది. దావీదు తండ్రియైన యెష్షయి పేరుకు దీనితో సంబంధము లేదు. ఇంగ్లీషు అక్షరములు మాత్రమే దగ్గరగా నున్నవి.

హెబ్రీలో ఇస్కా పేరును 'చూచుట' అను మాటతో కలిపి చెప్పుదురు. యూదుల పూర్వపు బోధకులు ఇస్కాయే శారా అనియు, ఆమె ఆత్మవలన చూచెను గనుక ఆ పేరు వచ్చెననియు చెప్పిరి. పేర్ల పుస్తకములు కొన్ని 'ధనవంతురాలు' అని వ్రాయును. నాటకములో ఆమె ఎత్తుకొనిపోయిన నగలపెట్టెనుండి ఆ అర్థము పుట్టెనేమో!

ఇక నాటకము. షైలాకు కుమార్తె జెస్సికా మగపిల్లవాని వేషము వేసికొని, రాత్రివేళ లోరెంజోతో వెళ్లిపోవును, క్రైస్తవురాలగును. లేయా తనకిచ్చిన ఉంగరమును కుమార్తె ఒక కోతికొరకు ఇచ్చివేసెనని విన్నప్పుడు షైలాకు పడిన దుఃఖము చదువువారికి మరపురాదు. ఆడపిల్లలుగల తండ్రులు ఆ భాగమును నెమ్మదిగా చదువవలెను. నాటకమంతయు అతనిని నవ్వులపాలు చేయుచున్నను, అక్కడ మాత్రము మనము నవ్వలేము.

తరువాత న్యాయసభలో షైలాకు క్రైస్తవుడు కావలెనని షరతు పెట్టుదురు, అతడు ఒప్పుకొనును. 1290లోనే యూదులను వెళ్లగొట్టిన ఇంగ్లండులో చూపరులకు అది దయగా తోచియుండవచ్చును. స్వంత విశ్వాసమును ఒప్పుకొనిన వారికే బాప్తిస్మమిచ్చు మనకు అట్లు తోచదు. కత్తికి భయపడి చెప్పిన ఒప్పుకోలును మన సంఘములలో ఏ పెద్దయు అంగీకరింపడు.

అయితే పేరు మార్చవలెనా? అక్కరలేదని మా అభిప్రాయము. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు ప్రార్థన కొండమీద జూయెట్ దొరగారితోను దొరసానిగారితోను మోకరించిన తెలుగువారిలో జూలియా, రూతు అను ఇద్దరు స్త్రీలుండిరి. రూతు మోయాబీయురాలి పేరు. జూలియా రోమావారి పేరు. రోమా 16:15లో యూలియ అని చూడగలరు. ఆ పేర్లు ఎవరివని మన పెద్దలు వెనుకాడలేదు.

జెస్సికా అను పిల్లలున్న ఇండ్లలో ఈ వారము ఆదికాండము 11:26-32ను, నాటకము మూడవ అంకము మొదటి రంగమును తండ్రియు కుమార్తెయు కలిసి చదువుదురుగాక.