పాత మోటారు కారు అడుగుభాగమునకు రక్షణ అవసరమా?



మన సంఘ సభ్యులలో పలువురు ఇప్పుడు మోటారు కార్లు గలవారైరి. వీరిలో క్రొత్త కారు కొన్నవారు కొందరే. పట్టణమున పది పండ్రెండేండ్లు తిరిగిన కారును సరసమైన ధరకు కొన్నవారు మిక్కిలి. అట్టి కారు రైతు ఇంట విలాసవస్తువు కాదు. అర్ధరాత్రి నొప్పులు పడు ఆడబిడ్డను ఆసుపత్రికి చేర్చునదియు, విత్తనములను, ఎరువులను చేనికి తెచ్చునదియు, పిల్లలను పరీక్షకు దించివచ్చునదియు అదియే. కనుక అది చెడినచో ఇంటి పని సగము నిలిచిపోవును.

పత్తి అమ్మిన సొమ్ము చేతికి వచ్చిన దినములలో దుకాణములవారు, “అడుగున కోటింగు వేయించుడు, ఇంజను గార్డు బిగించుడు” అని చెప్పుచుందురు. ఆ ఖర్చు చేయవలెనా, మానవలెనా అనునది ఎట్లు నిర్ణయించుకొనవలెనో ఈ పాఠమున వివరించుచున్నాము. మా అభిప్రాయమును ముందుగనే చెప్పెదము. పాత కారునకు ముందు పరీక్ష, తరువాత మరమ్మతు, ఆపైననే రక్షణ. ఈ వరుస తప్పినచో పెట్టిన సొమ్ము వృథా యగుటయే గాక, దోషము కంటికి కానరాక ప్రాణాపాయము కూడ కలుగవచ్చును.

శత్రువులు ఇద్దరు

కారు అడుగునకు శత్రువులు ఇద్దరు: రాయి, నీరు. రాతిదెబ్బను కాచునది ఇంజను క్రింద బిగించు లోహపు పలక. దీనినే ఇంజను గార్డు అందురు. నీటివలన పుట్టు త్రుప్పును ఆపునది అడుగున పూయు పూత. దీనినే కోటింగు అందురు. గార్డు త్రుప్పును ఆపజాలదు. పూత రాతిదెబ్బను ఆపజాలదు. కావున మీ కారునకు ఏ శత్రువు బాధ అధికముగా నున్నదో తెలిసికొనక రెండును ఒక్కసారి చేయించుట తొందరపాటు.

త్రుప్పు పుట్టు విధము

ఇనుము, నీరు, గాలి మూడును కలిసిన చోట త్రుప్పు పుట్టును. మన ప్రాంతమున దీనిని జంగు అనియు, చిలుము అనియు అందురు. ఈ మూడింటిలో ఒకదానిని తొలగించినచో త్రుప్పు ఆగును. దుక్కి ముగిసిన పిమ్మట నాగటి కర్రును కడిగి, ఆరబెట్టి, నూనె రాచి దాచు రైతు ఈ ధర్మము నెరిగినవాడే. బురదతో మూలబడవేసిన కర్రు మరుసటి ఏటికి ఎట్లుండునో చెప్పనక్కరలేదు. కారు అడుగుభాగము కూడ అట్టిదే.

నీటిలో ఉప్పు కలిసినచో త్రుప్పు వేగము హెచ్చును. శీతలదేశములలో రోడ్లపై మంచు కరుగుటకై ఉప్పు చల్లుదురు. అందువలన అచ్చట కార్ల అడుగులు త్వరగా తినిపోవును. అట్టిచోట కోటింగు వాడుక బలపడుటకు కారణము స్పష్టము. మనకు మంచు లేదు, సముద్రము దగ్గరలో లేదు. అంతమాత్రమున ఉప్పు లేదనుకొనరాదు. మనము చేనికి వేయు పొటాషు ఎరువు, అనగా మ్యూరియేట్ ఆఫ్ పొటాష్, రసాయనశాస్త్ర రీత్యా ఒక ఉప్పే. సోడియం క్లోరైడు మనము తిను ఉప్పు. పొటాషియం క్లోరైడు ఈ ఎరువు. చినిగిన బస్తాను కారు వెనుకభాగమున వేసి తెచ్చినపుడు రాలిన ఎరువు తివాచీ క్రిందికి చేరును. అది తేమను పీల్చుకొని ఇనుపరేకును పైనుండి తినివేయును. ఇట్టి కారునకు అడుగునుండి ఎంత మంచి పూత వేసినను ప్రయోజనము లేదు. ఎరువును టార్పాలిను పరచి తెచ్చుట, రాలినదానిని ఆనాడే ఊడ్చి కడిగి ఆరబెట్టుట ఖర్చులేని రక్షణ.

మన నేలలు, మన బాటలు

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016లో పెక్కు జిల్లాలుగా విభజింపబడినవి. నేలలు మాత్రము మారలేదు. ఆదిలాబాద్ దిక్కున నల్లరేగడి విస్తారము. ఈ మట్టి తడిసిన ఉబ్బి జిగురువలె పట్టుకొనును, ఎండిన రాయివలె బిగియును. చక్రముల పైకప్పులలోను, రేకుల మడతలలోను చేరిన రేగడి తడిగుడ్డ కట్టినట్లు దినముల తరబడి తేమను నిలుపును. కరీంనగర్ దిక్కున చల్కనేలలు అధికము. చల్క అంతగా అంటుకొనదు. కాని అందలి గరుకు ఇసుక, సన్నని రాళ్లు చక్రములనుండి ఎగసి రంగును గీసి, ఇనుమును బయటపెట్టును.

బాటలలోను భేదము కలదు. ఆదిలాబాద్, నిర్మల్ మీదుగా పోవు 44వ నంబరు జాతీయ రహదారిపైనను, హైదరాబాదునుండి కరీంనగర్ మీదుగా రామగుండమునకు పోవు రాజీవ్ రహదారిపైనను తిరుగు కారునకు అడుగున రాయి తగులుట అరుదు. ఉట్నూరు, తిర్యాణి, జైనూరు ప్రాంతపు గూడెములకు ఒర్రెలు దాటి పోవు కారు సంగతి వేరు. బండిజాడల నడుమ లేచిన గట్టు, ఒర్రెలోని గుండ్రాయి, ఊరివారు కొలత లేక పోసిన స్పీడ్ బ్రేకరు, ఇవన్నియు ఇంజను అడుగుకు తగులునవి. మనవారు రోడ్డుపై వడ్లు, మక్కలు ఆరబోసి చుట్టును పేర్చు రాళ్లను గూర్చి కూడ ఒకమాట చెప్పక తప్పదు. రాత్రివేళ ఆ రాళ్లు కానరాక కార్ల అడుగులు పగులుటయే గాక, ద్విచక్రవాహనములవారు పడి ప్రాణములు కోల్పోవు ప్రమాదము కలదు. ధాన్యము ఎత్తిన వెంటనే రాళ్లను తొలగించుట మన విధి.

వరదనీట మునిగిన కార్లు మరియొక తెగ. 2022 జూలైలో గోదావరి వరద మంచిర్యాల పట్టణపు పల్లపు వాడలను ముంచెను. అట్టి నీట నిలిచిన కారు ఛాసీ గొట్టములలోను, తలుపుల క్రింది బోలుభాగములలోను ఒండ్రు చేరును. దానిని లోపలినుండి కడిగి ఆరబెట్టనిది పైపూత పూసినచో త్రుప్పు లోలోపల పెరుగుచునే యుండును.

మొదట చేయవలసిన పరీక్ష

కారును వాటర్ సర్వీసింగు చేయించి, ఎండలో రెండు దినములు ఆరబెట్టి, ర్యాంపు మీదికి ఎక్కించుడు. కేవలము జాకీ మీద నిలిపిన కారు క్రిందికి ఎవ్వరును దూరరాదు. జాకీ జారినచో బ్రతుకుట దుర్లభము.

పిమ్మట మంచి వెలుతురున స్క్రూడ్రైవరు పిడితో రేకును అచ్చటచ్చట తట్టి చూడుడు. గట్టి రేకు ఖంగున మ్రోగును. తినిపోయిన రేకు మొద్దుగా పలుకును. అనుమానమున్నచోట మొనతో నొక్కి చూడుడు. అయస్కాంతము అంటనిచోట పుట్టీతో రంధ్రము పూడ్చియుండవచ్చును. ముఖ్యముగా చూడవలసిన తావులు: స్ప్రింగులును షాకబ్సార్బరులును బిగించిన చోట్లు, సీటు బెల్టులు తగిలించిన నేల, తలుపుల క్రింది పొడవాటి పెట్టెభాగములు, బ్రేకు గొట్టములు, పెట్రోలు ట్యాంకు పట్టీలు.

ఫలితమును మూడు తరగతులుగా విభజింపవచ్చును.

1. పైపై త్రుప్పు: రంగు పోయి ఎర్రబడినదేగాని రేకు గట్టిగా నున్నది. దీనికి రక్షణ ఉపయోగకరము.

2. పొరలు లేచిన త్రుప్పు: పెచ్చులు రాలుచున్నవి, గుంటలు పడినవి. పెచ్చులను ఇనుప బ్రష్షుతో గీకి, మెరయు లోహము కనబడునంతవరకు రుద్ది, త్రుప్పునాపు ప్రైమరు పూసిన తరువాతనే పైపూత వేయవలెను.

3. రంధ్రము పడిన త్రుప్పు: మొన దిగిపోవుచున్నది. ఇచట క్రొత్త రేకు వేసి వెల్డింగు చేయింపవలెను, పూత పనికిరాదు. స్ప్రింగు తావున లేదా సీటు బెల్టు తావున ఇట్లున్నచో బాగుచేయించునంతవరకు ఆ కారును రోడ్డుమీదికి తేరాదు.

ఈ పరీక్షలో ఒక భేదము గుర్తుంచుకొనవలెను. జీపు, బొలేరో వంటి బండ్లకు క్రింద వేరుగా ఇనుప చట్రముండి బరువును మోయును. మారుతి 800, అంబాసిడర్ వంటి కార్లకు అట్టి వేరు చట్రము లేదు. అడుగు రేకును దాని పెట్టెభాగములును కలిసియే బరువును మోయును. అందువలన రెండవ జాతి కార్లలో నేల రేకు తినిపోవుట కారు వెన్నెముక తినిపోవుటయే.

కోటింగును గూర్చి

తారువంటి గట్టి పూతలు మొదట అందముగా నుండును. ఏండ్లు గడిచినకొలది వేడికి బీటలు వారును. ఆ బీటలలో దూరిన నీరు బయటికి రాలేక పూతకును రేకునకును నడుమ నిలుచును. పూత నల్లగా నిగనిగలాడుచుండగనే లోపల రేకు మాయమగును. మైనము లేక నూనె ఆధారముగా గల మెత్తని పూతలు బీటలు వారవు. సన్నని సందులలోనికి ప్రాకును. అవి దుమ్ము పట్టును, ఏటేట పూయవలసియుండును. అయినను పాత కారునకు మెత్తని పూతయే మేలు. ఏలనన, మరుసటి ఏట దానిని తుడిచి లోపలి రేకును మరల చూచుకొనవచ్చును.

పూత వేయునపుడు సైలెన్సరునకు, బ్రేకు డ్రమ్ములకు, డిస్కులకు, రబ్బరు బుష్షులకు, తిరుగు షాఫ్టులకు అది తగులరాదు. నీరు కారుటకు కంపెనీవారు ఉంచిన రంధ్రములను మూయరాదు. పని ముగిసిన తరువాత యజమాని స్వయముగా చూచి ఈ రంధ్రములను లెక్కపెట్టుకొనవలెను. ఇంజనులో వాడి తీసిన నూనెను అడుగున పూయుట కొన్నిచోట్ల అలవాటు. అది రబ్బరును ఉబ్బించి చెరచును, నేలపై కారి మట్టిని, నీటిని పాడుచేయును. ఆ పని మానుట మంచిది.

అమ్మకమునకు వచ్చిన పాత కారు అడుగున అప్పుడే వేసిన నల్లని పూత కనబడినచో, అది రక్షణయో ముసుగో విచారించి కొనుడు.

ఇంజను గార్డును గూర్చి

ఇంజను క్రిందనున్న ఆయిల్ చాంబరు పగిలి నూనె కారిపోయినచో, ఇంజను నిమిషములలో బిగిసిపోవును. కావున రాళ్లబాటన తరచు పోవువారికి గార్డు ఉపయోగకరమే. కాని పాత కారు అడుగు తగులుటకు కారణము బాట ఒక్కటే కాదు. ఏండ్లు గడిచి స్ప్రింగులు కుంగియుండవచ్చును. సమతలముపై కారు నిలిపి, ఖాళీగా నున్నపుడును, ఇంటిల్లిపాదియు సామానుతో ఎక్కినపుడును, ఇంజను అడుగునుండి నేలకు గల ఎత్తును కొలువుడు. కంపెనీ పుస్తకములోని కొలతకంటె మిక్కిలి తగ్గినచో ముందు స్ప్రింగులు మార్పించుడు. దానితోనే బాధ తీరవచ్చును.

గార్డునకును బరువు కలదు. మీటరు పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందము గల ఇనుప పలక సుమారు 14 కిలోలు తూగును. అంతే కొలతగల అల్యూమినియము పలక సుమారు 5 కిలోలు. పలక ఎంత దిగువకు వ్రేలాడునో అంత ఎత్తు తగ్గును. దానిని ఛాసీకిగాని, గట్టి అడ్డకడ్డీకిగాని బోల్టులతో బిగింపవలెను. ఆయిల్ చాంబరునకు ఆనరాదు. గాలి ఆడుటకును, నూనె దించుటకును రంధ్రములుండవలెను. పలకపై చేరు రేగడిని, పత్తికట్టెను, ఎండుగడ్డిని తరచు తీయవలెను. వేడి సైలెన్సరు ప్రక్కన ఎండుగడ్డి అగ్నికి కారణము కావచ్చును. బిగించుచోటి ఇనుము మూడవ తరగతి త్రుప్పుతో నున్నచో గార్డు బిగింపరాదు. దెబ్బ తగిలినపుడు ఆ తావే ఊడివచ్చును.

గార్డు లేకున్నను ఉన్నను, అడుగున గట్టి దెబ్బ తగిలినచో వెంటనే ఇంజను ఆపి క్రిందికి చూడుడు. చెడిన కారును బాగుచేయక నడుపుటవలన పెరిగిన నష్టము యజమానిదే యని భీమా షరతులు చెప్పుచున్నవి.

అడుగున బిగించు ఈ పలకను, ముందు బంపరునకు తగిలించు కడ్డీల గార్డును ఒకటిగా భావింపరాదు. ఆ కడ్డీల గార్డులు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనునకు విరుద్ధమని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ 2017 డిసెంబరులో రాష్ట్రములకు వ్రాసినది.

లెక్క చూచుకొను విధము

సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్ల వరకు చెల్లును. ఆపై పరీక్షలో నెగ్గినచో ఐదేసి ఏండ్లకు పొడిగింతురు. ఇంకను ఎన్ని ఏండ్లు వాడదలచినారో నిశ్చయించి, మొత్తము ఖర్చును ఆ ఏండ్లతో భాగింపుడు.

ఉదాహరణకు చొప్పదండినుండి కరీంనగర్‌కు డాంబరు రోడ్డుపై తిరుగు పదకొండేండ్ల కారు ననుకొందము. రేకు మొదటి తరగతి. దీనికి మెత్తని పూత చాలును, గార్డు అనవసరము. ఉట్నూరు ప్రాంతమున ఒర్రెలు దాటి చేనికి పోవు గట్టి చట్రముగల జీపునకు గార్డు మొదట, పూత తరువాత. నేల రేకు రంధ్రములు పడిన పదునాలుగేండ్ల చిన్నకారునకు రెండును వద్దు. వెల్డింగు ఖర్చు కారు వెలలో సగమునకు మించినచో ఆ సొమ్మును మరియొక కారునకై నిలువచేయుట తెలివి.

సంఘము చేయదగిన పని

పూర్వపు కరీంనగర్ జిల్లాలో 1956లో వెలసిన ముల్కనూరు సంఘము ఒక్కొక్కరికి భారమైన పనిని పలువురు కలిసి తేలికగా చేయవచ్చునని చూపినది. ఆ రీతినే ప్రతి ఏట మృగశిర కార్తెకు ముందు ఒక దినము, దీపావళి దాటిన పిమ్మట ఒక దినము, సభ్యులు తమ పాత కార్లను ఒకచోట చేర్చి, నమ్మకమైన మెకానిక్కును పిలిపించి, ఒకే ర్యాంపుపై వరుసగా పరీక్ష చేయింపవచ్చును. పూత అమ్మువానిని పరీక్షకునిగా పెట్టుకొనరాదు. ప్రతి కారునకు తరగతిని, త్రుప్పు తావులను, నేలకు గల ఎత్తును ఒక చీటిపై వ్రాసి యుంచుకొన్నచో, మరుసటి ఏట త్రుప్పు పెరిగినదో ఆగినదో ఆ చీటియే తెలుపును. ఈ మృగశిరకు ముందే సభ్యులు ఈ పనికి పూనుకొందురని కోరుచున్నాము.